ప్రియదర్శినిలో కనబడిన నగలు

నోటితో చెప్పుటకు సంకోచించు కోరికను మనుష్యులు వస్తువులచేత చెప్పింతురు. శాకుంతలమున ఉంగరము అట్టిదే. చలనచిత్రమున కీ పని మరింత సులభము. అందు వస్తువును వర్ణింప నక్కరలేదు, చూపిన చాలును. అయితే దానిని చూచు కన్ను ఎవరిదని అడుగుట మన కింకను అలవాటు కాలేదు.

1940 దశకమున అమెరికాలో వెలువడిన కొన్ని నేరకథాచిత్రములకు ఫ్రెంచి విమర్శకులు ‘ఫిల్మ్ నువార్’, అనగా నల్లచిత్రమని పేరు పెట్టిరి. 1944లో బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ వానిలో ప్రసిద్ధము. బీమా కంపెనీ ఉద్యోగి యొకడు ఒక యింటికి పోవును. ఇల్లాలు మెట్లు దిగుచుండగా వాని చూపు ఆమె కాలిగొలుసుపై నిలుచును. పిమ్మట ఇరువురును కలిసి ఆమె భర్తను చంపుదురు. కథనంతయు ఆ పురుషుడే మాటలు పట్టుకొను యంత్రమునకు చెప్పును. గొలుసు ఆమెది, దాని యర్థము వానిది.

1957లో కె.వి.రెడ్డి దర్శకత్వమున వచ్చిన మన ‘మాయాబజార్’లో ప్రియదర్శిని యను పేటిక యున్నది. తెరచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. ఇచట చూచునది కన్య, చూడబడువాడు పురుషుడు! అంతేకాదు, ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చినప్పుడు సావిత్రి ఆ సుకుమారదేహముతోనే రాక్షసుని ఠీవి చూపి, పెండ్లికొడుకు కాలు తొక్కును. ఆడతనమని మనమనుకొనునది కొంతవరకు వేషమేయని ఆ నటన నవ్వుచు చెప్పుచున్నది.

కాని రేవతి చూచినప్పుడు పేటికలో నగలు మెరయును. ఈ ఘట్టము చెప్పినప్పుడెల్ల మా తరగతిలో పిల్లలు నవ్వుదురు. ఒకమారు ఒక బాలిక నవ్వక, “ఆమెకు తనదని ఇంకేమున్నది మాస్టారూ?” అని యడిగినది.

ఆ ప్రశ్న తేలిక యైనది కాదు. స్త్రీధనమని మన పెద్దలు చెప్పినదానిలో ముఖ్యభాగము నగలును, పెండ్లికానుకలును. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణాధికార మిచ్చినది. చిత్రము ఆ మరుసటి యేడే వచ్చినది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగ జన్మహక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి కలిగినది. అప్పటికే పెండ్లియైన వారికి అదియును లేదు. నాటి ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు, ‘మాయాబజార్’లో శ్రీకృష్ణుడు ఆయనయే. దేశమంతటికిని వర్తించు కేంద్ర సవరణ 2005లో వచ్చినది. భూమి తనది కానంతకాలము స్త్రీ బంగారమును పట్టుకొని యుండుటను ఆశ యనుట న్యాయమా?

మా అశోక్ నగర్‌లో నగర కేంద్ర గ్రంథాలయమునకు ఉద్యోగపరీక్షలకై చదువుకొన వచ్చు యువతులను నిత్యము చూచుచుందును. వారికి ప్రియదర్శిని దొరకిన నియామకపు ఉత్తరువు కనబడునేమో. ఆ చదువునకై గాజులో, గొలుసో కుదువ పెట్టిన తల్లులు వారివెనుక ఎందరుందురో!

కావున ఇంటి ఆడవారి నగలమోజును పరిహసింపబోవు గృహస్థుడు ముందుగా బీరువా తెరచి, ఇంటి దస్తావేజులో ఎవరి పేరున్నదో ఒకమారు చదువుకొనవలెను.