చాంద్ మీద గంధక్

2023 ఆగస్టు చివరి వారం. రాత్రి డెస్కులో కూర్చుని ఇస్రో ప్రకటనను తెలుగు చేస్తున్నాను. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి మట్టిలో సల్ఫర్ ఉందని ప్రజ్ఞాన్ రోవర్‌లోని లేజర్ పరికరం తేల్చిందని ఖబర్. 'గంధకం' అని టైప్ చేశాక వేళ్లు ఆగిపోయాయి. ఉర్దూ మీడియంలో మాస్టర్ సాబ్ బోర్డు మీద రాసిన 'గంధక్' ఇదే కదా!

పొద్దున అమ్మీకి చెప్పాను.

"చాంద్ మీద గంధకా? నీ చిన్నప్పుడు ఖారిష్‌కి నూనెలో కలిపి పూసేదాన్ని, అదేనా? అంత దూరంలో ఉన్నది ఎట్లా తెలిసింది బేటా?"

నేను నోరు తెరిచేలోపే మా బేటీ అందుకుంది. ఇంటర్ ఎంపీసీ చదువుతోంది.

"దాదీ, రోవర్ నేలకు జానెడు ఎత్తు నుంచి లేజర్ షుఆ కొడుతుంది. చుక్కంత చోట మట్టి మండిపోయి ప్లాస్మాగా మెరుస్తుంది. ఆ రోష్నీని రంగులుగా విడదీసి చూస్తారు. ఇనుముకు ఒక గుర్తు, గంధక్‌కు ఒక గుర్తు. మన వేలిముద్రల్లాగా."

దీని పేరు లిబ్స్. బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాల లియోస్‌లో తయారైంది. చెప్పినంత ఆసాన్ పని కాదు. రోవర్ మొత్తం బరువే 26 కిలోలు, అందులో దీనికి దొరికే జాగా ఎంతని! సౌర పలక ఇచ్చే కాస్త కరెంటుతోనే నడవాలి. రాకెట్ కుదుపులకు లోపలి అద్దాలు వెంట్రుకవాసి జరిగినా గురి తప్పుతుంది. పైగా అక్కడ గాలి లేదు. మెరిసిన ప్లాస్మా వెంటనే విచ్చుకుపోయి మసకబారుతుంది. ఆ కాసింత వెలుగునే పట్టుకోవాలి.

ఇలాంటి పరికరమే 2019లో చంద్రయాన్-2తో కూడా వెళ్లింది. సెప్టెంబర్ 7 తెల్లవారుజామున విక్రమ్ కూలిపోయింది. చంద్రుడి మట్టి మీద ఆ లేజర్ ఒక్కసారి కూడా పడలేదు. పరికరంలో ఖరాబీ ఏమీ లేదు. దిగే దారిలోనే దెబ్బ తగిలింది. దారి సరిచేశారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి, మగ్రిబ్ అజాన్‌కు కాస్త ముందు, చంద్రయాన్-3 దిగింది. ఈసారి లేజర్ పని చేసింది.

ఇది రాస్తుంటే నా సంగతి గుర్తొచ్చింది. పదో తరగతి దాకా సైన్స్ అంటే నాకు ఇష్క్. ఇంటర్‌లో పుస్తకాలన్నీ ఇంగ్లిష్. 'గంధక్' తెలిసిన నాకు 'సల్ఫర్' కొత్త. అడగడానికి షరమ్. ఆరు నెలల్లో సైన్స్ వదిలేసి, చివరికి తెలుగులో డిగ్రీ చేశాను. తెలుగు నాకు రోజీ ఇచ్చింది, షికాయత్ లేదు. కానీ 'సైన్స్ మన బస్ కీ బాత్ కాదు' అనే మాట మనసులో గూడు కట్టుకుంది. ఫిజిక్స్ చదువుతానని బేటీ అన్నప్పుడు అదే మాట దానికీ అంటగట్టాను.

తప్పు నా దిమాగ్‌ది కాదని, దారిదని అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది. మన ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఇలా దిగే ముందే కూలిపోయారో!

ఆ రోజు బేటీని పిలిచి, "ఆ మాట వాపస్ తీసుకుంటున్నా. ఫిజిక్సే చదువు," అన్నాను.

"బెంగళూరులో అయినా పంపిస్తారా అబ్బా?"

నేను అమ్మీ వైపు చూశాను. వద్దంటుందేమోనని భయం.

అమ్మీ తస్బీ పక్కన పెట్టి, "హాస్టల్లో ఖానా బాగుంటుందో లేదో ముందు కనుక్కో," అంది.