సర్దుబాటు కమిటీ

ఈ ఏడాది బడి సంచికకి ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, పిల్లలకి మాతృభాష ఎందుకు నేర్పాలో రాద్దామనుకున్నాము. కానీ ఆ విషయం మాకన్నా బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని మాకు బాగా తెలిసిన సంగతి ఒకటి, మా పెరట్లో ఉన్న చెక్క షెడ్డు గురించి రాస్తున్నాము. మన వార్షికోత్సవం తెరలు, బతుకమ్మ పళ్ళేలు, బొమ్మల కొలువు మెట్లు ఏడాది పొడుగునా ఉండేది అందులోనే కాబట్టి మీలో చాలామందికి అది పరిచయమే. దాన్ని విప్పేయవలసిన పరిస్థితి ఒకసారి వచ్చిందని మాత్రం కొద్దిమందికే తెలుసు.

టొరంటోకి పడమట ఉన్న ఈ ఊళ్ళో మేము ఇల్లు కొన్నది 2012లో. కొన్న మొదటి ఏడాదే పెరట్లో గోంగూర వేశాము. తరవాత బీర, సొర, చిక్కుడు కూడా వచ్చి చేరాయి. ఇక్కడ తోటపని ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఏప్రిల్లో కిటికీ పక్కన కప్పుల్లో విత్తనాలు నాటడం, విక్టోరియా డే సెలవు దాటాక నారు నేలలోకి మార్చడం, అక్టోబరులో మంచు పడేలోగా ఆఖరి కాయ కోసుకోవడం. పారలు, నీళ్ళ గొట్టాలు, గడ్డి కోసే యంత్రం, మంచు తోసే యంత్రం అన్నీ గరాజ్‌లోకి చేరి, చివరికి కారు బయట నిలబడింది.

2015 వేసవిలో మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. గుంటూరు జిల్లాలో నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి, ఊరికే కూర్చోలేరు. షెడ్డు మనమే కట్టుకుందామన్నారు. పన్నెండడుగుల పొడుగు, పన్నెండడుగుల వెడల్పు. కంచెకి అడుగు దూరంలో ముగ్గు పోశారు. ఇంకాస్త వదులుదామని మేమంటే, "గట్టు దగ్గర వదిలిన జాగా మళ్ళీ మనది కాదు" అన్నారు. ఆయనకీ మా బాబాయికీ చేను గట్టు దగ్గర ఒక చాలు వెడల్పు నేల మీద మాట పోయి, అప్పటికి పదకొండేళ్ళు. అందుకని మేము ఎదురు చెప్పలేదు.

అనుమతి తీసుకోవాలేమో అన్న ఆలోచన మాకు రాలేదు. ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లం ఉన్నాము. ఆఫీసులో స్పెసిఫికేషన్ చదవకుండా ఎవరైనా కోడ్ రాస్తే చీవాట్లు పెట్టేవాళ్ళం. ఇంటి దగ్గరకి వచ్చేసరికి నేల మాది, చెక్క మాది, ఇంకెవరిని అడగాలి అనుకున్నాము.

2016 అక్టోబరులో నగరపాలక సంస్థ నుంచి ఒకాయన వచ్చి, ఎంతో మర్యాదగా టేపు పెట్టి కొలిచి, రెండు తప్పులు చెప్పారు. మొదటిది సైజు. ఒంటారియో బిల్డింగ్ కోడ్ ప్రకారం అప్పట్లో 10 చదరపు మీటర్లు, అంటే సుమారు 108 చదరపు అడుగులు దాటిన షెడ్డుకి పర్మిట్ కావాలి. మాది 144. రెండవది దూరం. మా ఊరి జోనింగ్ బైలా ప్రకారం షెడ్డుకీ సరిహద్దుకీ మధ్య 0.6 మీటర్లు, దాదాపు రెండడుగులు ఉండాలి. మాది అందులో సగం. ఈ రెండూ వేరు వేరు అని మాకు అప్పుడే తెలిసింది. కట్టడం ఎంత గట్టిగా, భద్రంగా ఉండాలో కోడ్ చెబుతుంది. ఎక్కడ, ఎంత ఎత్తున, ఎంత దూరంలో ఉండాలో జోనింగ్ చెబుతుంది. ఒకటి మినహాయించినా రెండోది మినహాయించదు.

ఫిర్యాదు చేసినదెవరని అడిగితే, ఆ పేర్లు చెప్పరన్నారు. మేమే తేల్చేసుకున్నాము. పక్కింటి పోర్చుగీసు పెద్దావిడే అయి ఉంటుంది, ఆ కంచె అవతల ఉన్నది ఆవిడేగా!

ఆవిడ మా పిల్లలకి చేతికందేలా ద్రాక్ష గుత్తులు కంచె మీద పెట్టేవారు. పిల్లలు ఆవిడని మామ్మగారనే పిలిచేవారు. ప్రతి క్రిస్మస్‌కీ తీపి రొట్టె చేసి తెచ్చేవారు. ఆ ఏడాది కూడా తెచ్చారు. గుమ్మంలోనే పుచ్చుకుని, థాంక్స్ చెప్పి, తలుపు వేసేశాము. బయట మైనస్ 15 ఉంది. "మామ్మగారిని లోపలికి రమ్మనలేదేం?" అని మా అమ్మాయి అడిగింది. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మేము జవాబు చెప్పలేదు.

మాకు రెండు దారులున్నాయి. షెడ్డు విప్పి జరపడం ఒకటి. లేదా ఉన్నచోటే ఉంచడానికి 'మైనర్ వేరియన్స్' అనే చిన్న మినహాయింపు కోరడం. దాన్ని విచారించేది ఒంటారియో ప్లానింగ్ చట్టం కింద పనిచేసే 'కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్'. ఆ పేరు చదివి మేమిద్దరం నవ్వుకున్నాము. తెలుగులో చెప్పాలంటే సర్దుబాటు కమిటీ! మన రైళ్ళలో జనరల్ బోగీలో నిలబడ్డవాళ్ళు "కాస్త సర్దుకోండి" అంటారే, అదే మాట మీద ఇక్కడ ఒక కమిటీ ఉందన్నమాట.

ప్లాను గీయించి, సర్వే కాగితం జతచేసి, కొన్ని వందల డాలర్ల రుసుము కట్టి, 2017 వసంతంలో దరఖాస్తు పెట్టాము. 60 మీటర్ల లోపు ఇళ్ళ యజమానులందరికీ నోటీసులు వెళ్ళాయి. మా ఇంటి ముందు పచ్చికలో ఒక బోర్డు పాతారు. దండోరా వేసినట్టే అయింది. ఆ వారం తెలుగు బడికి వచ్చిన ఇద్దరు, ఇల్లు అమ్ముతున్నారా అని మమ్మల్ని పక్కకి పిలిచి అడిగారు.

విచారణకి కొద్ది రోజుల ముందు, పొరుగువారి నుంచి ఒక ఉత్తరం వచ్చిందని చెప్పి కమిటీ ఆఫీసువారు నకలు పంపారు. పక్కింటావిడదే. అనుకున్నంతా అయింది అనుకుంటూ చదివాము. షెడ్డు ఉండటం మీద ఆవిడకి అభ్యంతరం లేదట. కానీ దాని కప్పు కంచె వైపుకి వాలి ఉండటంతో వాన నీరు, కరిగిన మంచు నీరు తన స్థలంలోకే పడుతున్నాయట. రెండు వసంతాలుగా బేస్‌మెంటు గోడ చెమ్మగిల్లుతోందట. నీళ్ళు ఇటు రాకుండా చేస్తే చాలునట. మంచి కుటుంబం, చెబితే నొచ్చుకుంటారేమోనని ఇంతకాలం చెప్పలేదని చివర రాశారు.

ఆ సాయంత్రం వాన పడుతోంది. గొడుగు వేసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాము. షెడ్డు కట్టి రెండేళ్ళు కావస్తున్నా, కంచెకి అవతలి వైపు నుంచి దాన్ని చూడటం మాకు అదే మొదటిసారి. కప్పు మీది నీళ్ళు సన్నటి ధారలై ఆవిడ ద్రాక్ష మొదట్లో పడుతున్నాయి. బేస్‌మెంటులో గోడ వెంబడి తువ్వాళ్ళు చుట్టి పెట్టుకున్నారు. నీళ్ళ గురించి క్షమాపణ చెప్పాము. క్రిస్మస్ నాడు గుమ్మంలో నిలబెట్టిన సంగతి మాత్రం ఎత్తలేకపోయాము. అసలు ఫిర్యాదు చేసినది ఆవిడో, వేరెవరో మాకు ఈనాటికీ తెలియదు. ఆవిడే చేసి ఉన్నా తప్పేముంది?

మే నెలలో విచారణ జరిగింది. కమిటీ సభ్యులు జడ్జీలేమీ కారు, కౌన్సిల్ నియమించిన ఊరి మనుషులే. చట్టం ప్రకారం వారు చూసేవి నాలుగు విషయాలు. కోరినది చిన్నదేనా? ఆ స్థలానికి తగినదేనా? జోనింగ్ బైలా ఉద్దేశానికి భంగం లేదా? ఊరి అఫీషియల్ ప్లాన్ ఉద్దేశానికి భంగం లేదా? నీళ్ళు ఎటు పోతాయని ఒక సభ్యురాలు అడిగారు. పొరుగువారి వైపు పోతున్నాయని ఒప్పుకున్నాము. కప్పు అంచున తూము కట్టి, గొట్టం మా పెరట్లో పీపాలోకి దించుతామని చెప్పాము. ఎవరైనా మాట్లాడతారా అంటే, వెనక వరసలోంచి ఆవిడ లేచి, అలా చేస్తే తనకి సమ్మతమేనన్నారు. అదే షరతుతో మినహాయింపు ఇచ్చారు. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. 20 రోజుల అప్పీలు గడువు దాటాక పర్మిట్ తీసుకుని, తనిఖీ చేయించుకున్నాము.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. అనుమతి లేని కట్టడాలని అపరాధ రుసుముతో క్రమబద్ధం చేయడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబరు చివర బి.పి.ఎస్. పథకం పెట్టారు. అక్కడ తేలవలసిన లెక్క కట్టినవారికీ ప్రభుత్వానికీ మధ్యది. ఇక్కడ మమ్మల్ని ఆలోచింపజేసింది పక్కింటివారికి వెళ్ళిన ఆ నోటీసు. మా స్థలంలో మేము చేసే పని ఇంకొకరి గోడని తడపవచ్చునన్న సంగతి ఆ కాగితం గుర్తుచేసింది.

ఫోనులో నాన్నగారికి ఇదంతా చెప్పాము. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "పక్కవాణ్ణి కూర్చోబెట్టి అడిగారా?" అన్నారు. అడిగారని చెప్పాము. "మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ సంక్రాంతికి బాబాయి ఇంటికి వెళ్ళారని అమ్మ చెప్పింది. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. గట్టు మాత్రం అక్కడే ఉంది.

ఇప్పుడు నిబంధనలు కొన్ని మారాయి. 2022 జులై 1 నుంచి ఒంటారియోలో 15 చదరపు మీటర్ల దాకా, అంటే 161 చదరపు అడుగుల దాకా, ఇంటికి అంటుకోని, నీటి కుళాయిలూ అవీ లేని ఒంటి అంతస్తు నిల్వ షెడ్డుకి బిల్డింగ్ పర్మిట్ అక్కరలేదు. మా షెడ్డు ఇప్పుడు కట్టి ఉంటే సైజు గొడవ ఉండేది కాదు, దూరం గొడవ మాత్రం అలాగే ఉండేది. 2022 నవంబరు చివర్లో వచ్చిన ఇంకో మార్పుతో, మినహాయింపు నిర్ణయాల మీద ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకునే హక్కు పొరుగువారికి పోయింది. కమిటీ ముందు చెప్పుకునే అవకాశమే మిగిలింది. అందుకే ముందు మనం వెళ్ళి అడగడం ఇంకా అవసరమని మా అభిప్రాయం.

తోట వేసే మిత్రులకి మరో రెండు మాటలు. గునపం దింపే ముందు ఒంటారియో వన్ కాల్ వారికి కనీసం ఐదు పనిదినాల ముందు చెబితే, భూమిలోని గ్యాసు, కరెంటు లైన్ల గుర్తులు ఉచితంగా పెట్టిస్తారు. ఇంటి ముందు కూరగాయలు వేయాలనుకుంటే మీ ఊరి బైలా చూసుకోండి. 2012లో క్విబెక్‌లోని డ్రమండ్‌విల్‌లో ఒక జంట అలా వేస్తే, పచ్చిక తగినంత లేదని తోట తీసేయమన్నారు. దేశమంతా చర్చ జరిగాకే ఆ తోట నిలిచింది.

పక్కింటావిడ 2021లో ఇల్లు అమ్మి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ద్రాక్ష కొమ్మ ఒకటి వేరు కట్టించి ఇచ్చారు. షెడ్డు పక్కనే పెట్టాము. పీపాలో పట్టిన వాన నీళ్ళు దానికే పోస్తున్నాము. ఆ చలికాలం ఆవిడ గురించి ఏమనుకున్నామో చెప్పి ఉండవలసింది, చెప్పలేదు.

ఈసారి తెరలు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఆ తూము ఒకసారి చూడండి. ఆగస్టు దాటాక వస్తే పిల్లలకి ద్రాక్షపళ్ళు కూడా ఉంటాయి.