పాలపళ్ల పందెగాళ్లు

సంక్రాంతి వచ్చిందంటే చాలు, నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో టీ బంకుల దగ్గర ఒకటే చర్చ. ఏ జత ఎన్ని అడుగులు లాగింది, ఏ ఎద్దు కుంటుతోంది!

బండలాగుడు పోటీల్లో వయసు చెప్పేవి పళ్లే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు... విభాగాన్ని బట్టి బండ బరువు. నా ఆసక్తంతా పాలపళ్ల కోడెల మీదే. రెండేళ్లు దాటితే పళ్లు మారతాయి. నిరుడు గెలిచింది ఈసారి పెద్ద బండ ముందు తేలిపోవచ్చు.

ఆళ్లగడ్డ దగ్గర ఓ పోటీలో దాపటెద్దు కాలు ఈడ్చింది. ఇంకా సమయం ఉంది. జనం ఈలలు. పెద్దాయన చర్నాకోల పడేసి కాడి విప్పేశాడు.

"ఇంకొంచెం లాగితే బహుమతి మీదే కదా పెద్దాయనా?" అన్నాను.

"ఈ పొద్దు లాగిస్తే ఎద్దు పనికిరాకుండా పోతాది నాయనా" అన్నాడు, కూలబడి గిట్ట తడుముతూ.