పిల్లల చిగుళ్ళపై బుడిపెలు

అరబీ అక్షరాలలో తే, దాల్, తోయ్ అనే మూడింటిని నాలుక కొనను పై ముందుపళ్ళ మొదలుకు తాకించి పలకాలి. భూపాలపల్లిలోని మా మక్తబ్‌లో తొమ్మిదేళ్ళ బాలుడొకడు గత శీతాకాలంలో సరిగ్గా ఆ మూడింటి వద్దే తడబడసాగాడు. సబక్ వినిపించేటప్పుడు నోటికి రుమాలు అడ్డుపెట్టుకునేవాడు. దగ్గరకు పిలిచి చూశాను. ముందుపళ్ళ వెనుక చిగురుపై శనగగింజంత ఎర్రని బుడిపె ఉంది. తాకితే చాలు, నెత్తురు వస్తోంది. "హజ్రత్, అమ్మీకి చెప్పకండి, ఏడుస్తుంది" అన్నాడు.

అమ్మీకి అప్పటికే తెలుసు. క్యాన్సరేమోనన్న భయంతో ఆమె కూడా దాచింది. ఇరుగుపొరుగులో ఒకరు దారంతో బిగించి కట్టమన్నారట, మరొకరు సున్నం రాయమన్నారట. ఆ రెండూ వద్దని నచ్చజెప్పి, దంతవైద్యునికి చూపించమన్నాను. వరంగల్‌లో వైద్యుడు మత్తుసూది ఇచ్చి బుడిపెను తొలగించి, పళ్ళకు పట్టిన గారను గీకివేశాడు. తీసిన ముక్కను పరీక్షకు పంపగా, అపాయం లేనిదని తేలింది. అల్‌హమ్దులిల్లాహ్!

దీనిని పయోజెనిక్ గ్రాన్యులోమా అంటారు. పేరుకు 'చీము పుట్టించేది' అని అర్థమే గాని, ఇందులో చీము ఉండదు. 1897లో దీనిని వర్ణించిన ఫ్రెంచి వైద్యులు పోన్సే, డోర్ గుర్రాల నుండి మనిషికి సోకే వ్యాధిగా భావించారు. నిజానికి ఇది అంటువ్యాధి కాదు. పాచి, గార, ఊడబోయే పాలపన్ను పదునైన అంచు, చిన్న దెబ్బ వంటివి చిగురును పదేపదే రాపిడి పెడితే, ఆ గాయాన్ని మాన్పబోయి శరీరం సన్నని రక్తనాళాలను అతిగా పెంచుతుంది. అదే బుడిపె అవుతుంది. కనుక కారణాన్ని వదిలి బుడిపెను మాత్రమే కోస్తే అది మళ్ళీ రావచ్చు.

చిగుళ్ళపై వచ్చే గడ్డలు చాలావరకు చూపుకు ఒకేలా ఉంటాయి. కొన్నింటిలో ఎముకవంటి పదార్థం ఉంటుంది. ఎంతో అరుదుగా ప్రమాదకరమైనవీ ఉంటాయి. ఏది ఏదో పరీక్షే తేల్చాలి. అందుచేత రెండు వారాలైనా తగ్గని గడ్డను వైద్యునికి చూపించాలి. త్వరగా పెరుగుతున్నా, పక్క పళ్ళు కదులుతున్నా అంతవరకూ ఆగకూడదు.

మిస్వాక్ విలువ మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. అయితే పెద్దలు వుజూ వేళ తమ పళ్ళు తోముకున్నంత శ్రద్ధగా పిల్లల పళ్ళను చూడరు. వారానికొకసారి బిడ్డ పెదవి ఎత్తి, వెలుతురులో చిగుళ్ళు చూడండి. నెత్తురు కనిపిస్తే కోప్పడకండి. కోపానికి జడిసిన బిడ్డ నోరు మూసుకుంటుంది. జబ్బు లోలోపలే పెరుగుతుంది.