ఆంగ్లము – మన రెండు మాతృభాషలు

చరిత్ర, అర్థశాస్త్రము వేర్వేరు గదులలో చదివే మన కళాశాలలోని ఉర్దూ, తెలుగు మాధ్యమ విద్యార్థులు ఇంగ్లీషు గంటలో మాత్రం ఒకే గదిలో కూర్చుంటారు. ఒకే భయాన్ని పంచుకుంటారు. విషయం క్షుణ్ణంగా తెలిసి ఉండి కూడా రెండు ఇంగ్లీషు వాక్యాలు కూర్చలేక ఇంటర్వ్యూ గదినుండి తలవంచుకొని వచ్చిన పట్టభద్రులను నేనెరుగుదును. వారికి లేనిది తెలివి కాదు; ఈ భాష నడక ఎట్టిదో వారికెవరూ నిదానంగా చెప్పలేదు.

"నేను అన్నం తింటాను" అంటాము. ఉర్దూలో "మైఁ చావల్ ఖాతా హూఁ" అంటారు. రెండింటిలోనూ క్రియ చివరనే నిలుస్తుంది. "ఐ ఈట్ రైస్" అన్నప్పుడు క్రియ కర్త వెంటనే వచ్చి చేరుతుంది. "బల్ల మీద", "మేజ్ పర్" అని మనం నామవాచకం తరువాత చెప్పే దానిని ఆంగ్లేయుడు "ఆన్ ది టేబుల్" అని ముందే చెబుతాడు. వంశాన్నిబట్టి ఉర్దూ ఆంగ్లానికి దూరపు బంధువు; వాక్యపు నడకలో మాత్రం తెలుగుకు ఇరుగుపొరుగు. కనుకనే ఉభయులూ ఒకేచోట తడబడతారు.

"ఎ, యాన్, ది" అనే చిన్న మాటలకు సరియైన జోడు మన రెండు భాషలలోనూ లేదు. "యాన్" అక్షరాన్నిబట్టి గాక ధ్వనినిబట్టి వస్తుందని గుర్తుంచుకొంటే సగం చిక్కు వీడిపోతుంది. "అవర్" అనే మాట 'హెచ్'తో మొదలైనా ఆ అక్షరం పలకదు గనుక "యాన్ అవర్". "యూనివర్సిటీ" 'యు'తో మొదలైనా య-కారధ్వని గనుక "ఎ యూనివర్సిటీ".

ఇక భేదాలు చూడండి. "తింటాను" అన్న ఒక్క మాటతో తెలుగువాడు రోజూ తినడాన్నీ, రేపు తినబోవడాన్నీ చెబుతాడు. ఉర్దూలో "ఖాతా హూఁ", "ఖాఊఁగా" అని వేర్వేరు రూపాలున్నవి. కాలభేదం ఉర్దూ విద్యార్థికి సులభం. అతడు, ఆమె అనే భేదం తెలుగువారికి సహజం. ఉర్దూలో ఇద్దరికీ "వో" ఒక్కటే. తెలుగు లిపి చాలవరకు పలికినట్లే వ్రాయబడుతుంది గనుక "నైఫ్" ముందున్న 'కె' తెలుగు విద్యార్థిని కలవరపెడుతుంది. హ్రస్వాచ్చుల గుర్తులు సాధారణంగా వ్రాయని లిపిలో పదాన్ని పోల్చుకొని చదివే ఉర్దూ విద్యార్థికి అది అంత వింత కాదు. ఆ 'కె' ఒకప్పుడు పలికినదే. 1476లో కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం నెలకొల్పిన తరువాత వర్ణక్రమం క్రమంగా స్థిరపడింది. ఉచ్చారణ మాత్రం మారుతూనే పోయింది.

వ్రాతలో మన పెద్ద శత్రువు కంఠస్థం. అక్క పెండ్లికి వెళ్ళవలసినవాడు కూడా జ్వరమని సెలవుచీటి వ్రాస్తాడు. వాడికి వచ్చిన ఉత్తరం అదొక్కటే! తన కారణాన్ని తన మాటలలో మూడు చిన్న వాక్యాలుగా చెప్పగలిగిననాడు వాడికి ఇంగ్లీషు వచ్చినట్లే. ఒక వాక్యానికి ఒక భావం, ఒక పేరాకు ఒక విషయం, వాక్యారంభంలో పెద్ద అక్షరం, చివర చుక్క: మొదటి సంవత్సరానికి ఈ నియమాలు చాలును.

ఆంగ్లం నేర్వడానికి మాతృభాషను విడువనక్కరలేదు. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. మన "పందికొక్కు" ఆంగ్ల నిఘంటువులో "బాండికూట్" అయింది. "ఖాకీ" ఉర్దూనుండి వెళ్ళింది. మన మాటలకు చోటిచ్చిన భాష మనకు చోటివ్వదా?

విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ప్రతిదినం ఐదు వాక్యాలు వ్రాసి, ఎదుటి మాధ్యమపు మిత్రునికి చూపండి. కాలభేదం అతడు దిద్దుతాడు, లింగభేదం మీరు దిద్దండి. ఇందుకై వారానికొక గంట కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను.