గ్రీన్‌విల్‌లో ఒక మధ్యాహ్నం

బోస్టన్‌లో బంధువుల ఇళ్లూ భోజనాలూ, పోర్ట్‌లాండ్ రేవులో పడవలూ, దారి పొడవునా ఆకు రాలిన చెట్లూ. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ నాకు రాయాలనిపించేది మాత్రం మెయిన్ రాష్ట్రంలో మూస్‌హెడ్ సరస్సు దక్షిణపు కొసన ఉన్న గ్రీన్‌విల్ అనే చిన్న ఊరి గురించి, అక్కడ ఒక బూట్ల దుకాణంలో గడిచిన మధ్యాహ్నం గురించి.

నవంబరు నెల, జింకల వేట కాలం. న్యూ హాంప్‌షైర్‌లో స్థిరపడిన మా బావ ఏటా లైసెన్సు తీసుకుని ఈ అడవులకు వస్తాడు. నాకు తుపాకీ పట్టాలన్న కోరిక లేదు. వెనకాల నడుస్తూ అడవి చూడాలని మాత్రం చాలా ఉంది.

“నీ బూట్లు ఊళ్లో తిరగడానికి సరే బావా. ఇక్కడ అడుగేస్తే నేల కింద నీళ్లుంటాయి” అన్నాడు కారు దిగకముందే.

ఆ నీళ్ల సంగతి ఫ్రీపోర్టులోనే విన్నాను. పైకి వచ్చే దారిలో ఎల్.ఎల్. బీన్ దుకాణం దగ్గర ఆగాం. వాకిట్లో మనిషికంటే ఎత్తయిన బూటు బొమ్మ, లోపల పండగ సందడి. 1951 నుంచి రాత్రీ పగలూ తెరిచే ఉంచే దుకాణం అది. నన్ను పట్టుకున్నది దాని పుట్టుక. లియాన్ లియన్‌వుడ్ బీన్ అనే ఆయన వేటకు వెళ్లిన ప్రతిసారీ తోలు బూట్లు నీళ్లు తాగి బరువెక్కేవి. ఆయన రబ్బరు అడుగుకు తేలికపాటి తోలు పైభాగం కుట్టించి, వేరే రాష్ట్రాల నుంచి మెయిన్‌కు వేటకొచ్చే లైసెన్సుదారుల జాబితా సంపాదించి, 1912లో వాళ్లకు ప్రకటన కాగితాలు పంపి అమ్మకం మొదలుపెట్టాడు. మొదటి 100 జతల్లో 90 తిరిగొచ్చాయి. తోలుకూ రబ్బరుకూ మధ్య కుట్టు ఊడింది. అందరికీ డబ్బు వాపసు ఇచ్చేసి, అప్పు తెచ్చి, మళ్లీ గట్టిగా చేయించాడు. ఆ అప్పు చేసిన ధైర్యం నాకు ఆ బూటు కంటే గొప్పగా కనిపించింది.

అక్కడే కొనేద్దామంటే బావ ఒప్పుకోలేదు. గ్రీన్‌విల్ దుకాణంలో ఒక పెద్దావిడ ఉంది, ఆవిడకు కాలు చూపించాలన్నాడు, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తున్నట్టు.

డెబ్భై దాటి ఉంటుంది ఆవిడకు. సైజు అడగలేదు. ఎంతసేపు నడుస్తారు, ఒక చోట కదలకుండా కూర్చుంటారా, అడవిలోకి ఎప్పుడు, అని అడిగింది. ఎల్లుండి అన్నాను. నేను మోజుపడి చేతిలోకి తీసుకున్న మందపాటి తోలు బూట్లను మెల్లగా తీసి అరలో పెట్టేసింది. “ఇవి కొలరాడో, మోంటానా కొండలకు. బరువు మోస్తూ రాళ్ల వాలు మీద నడిచేటప్పుడు ఈ గట్టిదనం కావాలి. కాలికి అలవాటు పడడానికి వారాలు పడుతుంది. మీకు రెండు రోజులే ఉంది” అంది.

లోపల వెచ్చటి పొర ఉన్న బూట్లను కూడా వద్దంది. చెట్టు మీద మంచెలో గంటల తరబడి కూర్చునేవాళ్లకు అవి. నడిచేవాడికి వాటిలో చెమట పడుతుంది, ఆగగానే ఆ చెమటే చలి పుట్టిస్తుంది.

మధ్యాహ్నం రావడం మంచిదైందట. పొద్దుటికంటే అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది కదా, అప్పుడు సరిపోయినదే రోజంతా సరిపోతుంది. నా నూలు మేజోళ్లు విప్పించి మందపాటి ఉన్నివి ఇచ్చింది. నిలబెట్టి, చల్లటి లోహపు పలక మీద రెండు పాదాలూ కొలిచింది. సిరక్యూస్‌లో చెప్పుల దుకాణం నడిపే ఇంట్లో పుట్టిన చార్లెస్ బ్రానాక్ 1920లలో చేసిన సాధనం అది. మడమ నుంచి వేలి కొసకే కాదు, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉండే ఎముక దాకా కూడా కొలుస్తుంది. బూటు వంగాల్సింది అక్కడే. నా ఎడమ పాదం పెద్దదని ఈ వయసులో తెలిసింది. పెద్ద పాదానికే కొనాలి.

ఇక తొడగడం. లేసులు కట్టకుండా వేళ్లు ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. కట్టాక మడమ లేవకూడదు. దుకాణం మూలన చెక్కతో చేసిన వాలు ఉంది. దాని మీంచి దిగమంది. వేళ్లు ముందు గోడకు తగిలితే ఆ జత పక్కకు. ఒకటి చిటికెన వేలిని కరిచింది. తొడుగుతుంటే సాగుతుందేమో అన్నాను. “తోలు సాగుతుంది, రబ్బరు సాగదు. రబ్బరు అడుగు మొదటి నిమిషం నుంచే సరిపోవాలి” అని మోకాళ్ల మీద కూర్చుని ఇంకో జత విప్పింది. అంత వయసులో ఆవిడ అన్నిసార్లు వంగి లేవడం నాకు కష్టంగా అనిపించింది గానీ, ఆవిడకు విసుగన్నదే లేదు. మనిషి కాలును అంత శ్రద్ధగా చూసేవాళ్లు ఈ రోజుల్లో అరుదు.

చివరికి కుదిరిన జతకు పాదం మీది మడత దగ్గర లేసును రెండు మెలికలు తిప్పి బిగించడం నేర్పింది. కింద బిగువు జారదు, మడమ కదలదు, పైన చీలమండ దగ్గర వదులుగా ఉంచుకోవచ్చు. మెత్తబడాల్సింది అక్కడి తోలే.

ఆ సాయంత్రం బస చేసిన ఇంట్లోనే మెట్లెక్కి దిగాను. మట్టి అంటనంత వరకు వాపసు ఇవ్వొచ్చు కదా. మర్నాడు ఆదివారం, మెయిన్‌లో ఆదివారాలు వేట నిషేధం. సరస్సు ఒడ్డున నడిచాం. 1857లో రచయిత థోరో, పెనబ్‌స్కాట్ తెగ మనిషి జో పోలిస్ దారి చూపుతుండగా ఈ నీళ్ల మీదే పడవలో వెళ్లాడు. అవతలి ఒడ్డు మంచులో కలిసిపోయి ఉంటే, వాళ్ల పడవ ఏ వైపు సాగిందో ఊహిస్తూ చాలాసేపు నిలబడ్డాను. కుడి మడమ పైన కాస్త మంట మొదలవగానే బావ ఆపి టేపు వేశాడు. బొబ్బ లేచాక వేసి లాభం లేదు.

సోమవారం తెల్లవారుజామున నారింజ రంగు టోపీలు, చొక్కాలు తొడుక్కుని అడవిలో దిగాం. దేవదారు బురద, నాచు, పడిపోయిన మానులు, పైన పలచటి మంచు. మెత్తటి అడుగులోంచి పుల్ల విరగకముందే కాలికి తెలుస్తుంది. వేటగాళ్లు గట్టి బూటు ఎందుకు వద్దంటారో అప్పుడర్థమైంది. తడిసిన బండల మీద మాత్రం రబ్బరు జారుతుంది, చెయ్యి చెట్టును వెతుక్కోవాల్సిందే. మధ్యాహ్నం మేజోళ్లు మార్చుకున్నాం, ఎందుకంటే నీళ్లు లోపలికి రాకపోయినా చెమట బయటికి పోదు. జింక కనిపించింది, పైకెత్తిన తెల్లటి తోక వరకు. బావ తుపాకీ ఎత్తలేదు.

రాత్రి బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి, పొయ్యికి దూరంగా పెట్టాం. వేడికి తోలు పగులుతుంది. బావ తన జత చూపించాడు. పైతోలు ఏనాటిదో, నల్లబడి మెత్తగా కాలి ఆకారం తెచ్చుకుంది. రబ్బరు అరిగితే ఫ్రీపోర్టు కంపెనీకి పంపాడట, వాళ్లు అదే తోలుకు కొత్త అడుగు కుట్టి పంపారు. కుట్టు దగ్గర పాత దారపు రంధ్రాల పక్కనే కొత్త వరస. నా జతకూ ఆ పని పడేదాకా వీటితోనే నడవాలని ఉంది. వచ్చే నవంబరుకు రమ్మని బావ అప్పుడే మొదలుపెట్టాడు.