లగ్నపత్రికతో పాటు మరో కాగితం

మూఢం వెళ్ళిందంటే చాలు, బెంగళూరు కాటన్‌పేటకు పెళ్ళికళ వచ్చేస్తుంది. పక్కనే చిక్‌పేట కదా, పట్టుచీరల సంచులు మోస్తూ తెలుగువాళ్ళూ కన్నడిగులూ ఈ సందుల్లోనే తిరుగుతుంటారు. ఇక్కడ మాటకు విలువెక్కువ. చైత్ర పౌర్ణమినాటి కరగ ఊరేగింపు ఈ పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చి వెళ్ళడం కూడా మాటా మర్యాదా మీద నిలిచిన ఆచారమే. అందుకే పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాణ్ణి "ఒప్పందం రాసుకో నాయనా" అంటే ఇబ్బందిపడతాడు, నమ్మకం లేదనుకుంటారేమోనని.

నేనంటాను, మన పెళ్ళి మొదలయ్యేదే రాతతో. నాలుగు మూలలా పసుపు రాసిన లగ్నపత్రికను పురోహితుడు ఇరువైపుల పెద్దల ముందు పైకి చదువుతాడు. అది అపనమ్మకమని ఎవరైనా అన్నారా? ఫొటోల కాగితాన్నీ అలాగే అడ్వాన్స్ పుచ్చుకునే ముందు తెలుగులో పైకి చదవాలి.

ముందు ముహూర్తం సంగతి. గురువారం రాత్రి 2.40కి పెళ్ళి అనుకోండి. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా అది గురువారమే, క్యాలెండర్‌లో మాత్రం శుక్రవారం. ఉత్త తేదీ ఒక్కటే రాసుకున్న ఫొటోగ్రాఫర్ మర్నాటి రాత్రికి కెమెరాలు సర్దుకుని వస్తే, జీలకర్ర బెల్లం మళ్ళీ పెట్టిస్తారా? శుభలేఖలో వేసినట్టే "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని రాయండి. మండపం పేరు, ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వెళ్ళొచ్చు, అప్పగింతలు ఆలస్యమైతే గంటకు ఎంత, ఇవీ ఆ పక్కనే ఉండాలి.

చాలామంది ఫొటోగ్రాఫర్లకు తెలియని సంగతి ఇంకొకటి. తీసినవాడిదే ఫొటో అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఎవరు తీయించుకున్నారో హక్కు మొదట వాళ్ళదే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఆ హక్కు ఫొటో తీసినవాడి జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్ళూ నడుస్తుంది. పెళ్ళికూతురి ఫొటోను స్టూడియో అద్దంలోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టుకోవాలంటే ఆ అనుమతి కాగితంలో ఉండాలి. నా మట్టుకు నాకు ఆ చట్టం న్యాయంగానే తోస్తుంది. తలవంచి తాళి కట్టించుకుంటున్న పిల్ల ముఖం ఊరందరికీ ప్రకటన కావాలో వద్దో ఆ పిల్లే చెప్పాలి. అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మానెయ్యడమే.

అడ్వాన్స్ విషయానికొస్తే, "తిరిగి ఇవ్వబడదు" అని అచ్చు వేయించినంత మాత్రాన సరిపోదు. 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. పెళ్ళి వాయిదా పడితే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎంత పట్టుకోవాలి అన్నది మెట్లుమెట్లుగా రాస్తే ఇద్దరికీ మేలు. 2020లో లాక్‌డౌన్ వచ్చి పెళ్ళిళ్ళన్నీ ఆగినప్పుడు ఈ ఒక్క వాక్యం లేక ఎన్ని మంచి పరిచయాలు చెడ్డాయో!

ఆల్బమ్ మాటేమిటంటారా? అక్కడ జాప్యం తరచు ఇంటివాళ్ళదే. ఫొటోలు ఏరి ఇవ్వడానికి గడువు, ఆ తర్వాత ఆల్బమ్ ఇవ్వడానికి గడువు, రెండూ విడివిడిగా రాయండి. హార్డ్ డిస్క్‌లో ఫైళ్ళు ఎన్నాళ్ళుంచుతారో కూడా చెప్పండి. మనుమడి పెళ్ళినాటికి అడిగే అమ్మమ్మలున్నారు మనకు.

చివరగా సంతకం. ఖర్చు చెరిసగం అంటారు, పురమాయింపు మాత్రం మేనమామది. రేపు బ్యాలెన్స్ ఎవరిస్తారు? హక్కు ఎవరిది? తీయించుకునేవాళ్ళెవరో పేరుతో రాసి వాళ్ళ చేతే సంతకం పెట్టించండి. రెండు ప్రతులు తీసి, ఒకటి వాళ్ళకిచ్చాకే అడ్వాన్స్ తీసుకోండి.